సరస్సు నదిగా మారే చోట: లూసెర్న్ మీద మీ ప్రశ్నలు

స్విట్జర్లాండ్ నడిమధ్యన, ఆల్ప్స్ కొండల అంచున ఉన్న లూసెర్న్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ప్యాకేజీ టూర్‌లో లూసెర్న్‌కు రెండు గంటలే కేటాయించారు. "సింహం, చెక్క వంతెన, షాపింగ్" అని రాశారు. ఆ టైము సరిపోతుందా? లేకపోతే ఏం చేయాలి?

సరిపోదండి. వీలుంటే ఆ గ్రూపు నుంచి విడిగానైనా ఒక రాత్రి అక్కడ ఉండండి. జ్యూరిక్ ప్రధాన స్టేషన్ నుంచి రైల్లో ముప్పావు గంట, జ్యూరిక్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చే రైల్లో గంటా పది నిమిషాలు. పొద్దున్నే బస్సులు రాకముందు, సాయంత్రం అవి వెళ్లిపోయాక ఊరు ఊరిలా ఉంటుంది. రాత్రి బస చేసినవాళ్లకు హోటల్‌వాళ్లు విజిటర్ కార్డు ఇస్తారు. దాంతో నగరం జోన్‌లో (జోన్ 10) బస్సులు, రైళ్లు ఉచితం. వాళ్లు ఇవ్వడం మరిచిపోతే అడిగి తీసుకోండి.

రెండు గంటలే అయితే షాపింగ్ మానేసి ఇలా నడవండి. ముందు సింహం దగ్గరికి, అంటే రాతి గోడలో చెక్కిన స్మారకం దగ్గరికి వెళ్లండి. అది సరస్సు ఒడ్డు నుంచి పది నిమిషాల నడక. తర్వాత వెనక్కి వచ్చి చెక్క వంతెనను, అంటే చాపెల్ బ్రిడ్జిని ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిగా దాటండి. చాలామంది సగం దాకా వెళ్లి ఫొటో తీసుకుని తిరిగొస్తారు, అవతలి ఒడ్డు చూడనే చూడరు. దాటగానే కుడివైపు రాయిస్ నదివెంట వెళ్తే జెస్యూట్ చర్చి వస్తుంది. 1666లో కట్టడం మొదలుపెట్టిన ఈ చర్చి స్విట్జర్లాండ్‌లో బరోక్ శైలి పెద్ద చర్చిల్లో మొదటిది. లోపల పది నిమిషాలు కూర్చోండి. అదే ఒడ్డున ఇంకో ఐదు నిమిషాలు నడిస్తే రెండో చెక్క వంతెన ష్ప్రాయర్ బ్రిడ్జి, దాని పక్కనే నీటి కట్ట కనిపిస్తాయి. ఆ వంతెన దాటి, గోడల మీద బొమ్మలు వేసిన పాత ఇళ్ల మధ్య నుంచి మళ్లీ బస్సు దగ్గరికి చేరుకోవచ్చు.

ఇంకో గంట దొరికితే ముసెగ్ కోట గోడ ఎక్కండి. 870 మీటర్ల గోడ, తొమ్మిది బురుజులు. వాటిలో కొన్నింటిని వేసవి కాలంలో తెరుస్తారు, టికెట్ లేదు. లోపలి చెక్క మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడటం మేలు. గడియారం బురుజులోని 1535 నాటి యంత్రానికి ఊళ్లో ఒక హక్కుంది: మిగతా గడియారాలన్నింటికంటే ఒక నిమిషం ముందు అదే గంట కొడుతుంది. కాబట్టి గంటకు రెండు నిమిషాల ముందే అక్కడ ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: చాపెల్ బ్రిడ్జి 1993లో కాలిపోయిందట కదా. మరి ఇప్పుడు మనం చూస్తున్నది పాతదా, కొత్తదా?

రెండూ. 1993 ఆగస్టు 17 అర్ధరాత్రి దాటాక వంతెనకు నిప్పంటుకుంది. వంతెన కింద కట్టేసిన పడవలు కూడా అంటుకున్నాయి. తెల్లారేసరికి మధ్య భాగం చాలావరకు పోయింది. రెండు ఒడ్డుల వైపు కొసలు, నీటి బురుజు మిగిలాయి. పాత పద్ధతిలోనే తిరిగి కట్టి 1994 ఏప్రిల్ 14న తెరిచారు. కొసల దగ్గర దూలాలు ముదురు రంగులో ఉంటాయి. కాలిన చోట వేసిన దూలాల అంచులు చదునుగా, పదునుగా ఉంటాయి. తలెత్తి చూస్తూ నడిస్తే తేడా తెలిసిపోతుంది.

ఈ వంతెనను 14వ శతాబ్దంలో కట్టారు. జనం దాటడానికే కాదు, సరస్సు వైపు నుంచి శత్రువు పడవలు ఊళ్లోకి రాకుండా కోట గోడకు కొనసాగింపుగా కూడా కట్టారు. అందుకే అది నదిని అడ్డంగా, సూటిగా దాటదు, వంకర తిరిగి వెళ్తుంది. ఇప్పటి పొడవు 204 మీటర్ల పైచిలుకు. 19వ శతాబ్దంలో ఒడ్డు పూడ్చినప్పుడు కొంత తీసేశారు, అంతకుముందు 270 మీటర్లు దాటి ఉండేది. పక్కనున్న ఎనిమిది పలకల బురుజు 34 మీటర్ల ఎత్తు. అది వంతెనకంటే సుమారు ముప్పై ఏళ్లు పెద్దది. జైలుగా, చిత్రహింసల గదిగా, ఊరి దస్తావేజుల కొట్టుగా, ఖజానాగా పనిచేసింది. లోపలికి వెళ్లనివ్వరు.

నిజంగా తీరని నష్టం బొమ్మలది. పైకప్పు కింద, ప్రతి దూలాల జత మధ్యా ఒక త్రికోణపు పలక ఉండేది. ఎక్కువగా స్ప్రూస్ చెక్క, అడుగున సుమారు మీటరున్నర నుంచి 1.8 మీటర్ల వెడల్పు, 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తు. 17వ శతాబ్దం మొదట్లో హాన్స్ హైన్రిక్ వెగ్‌మాన్ వాటిని చిత్రించాడు. ఏయే కథలు గీయాలో ఊరి కార్యదర్శి రెన్‌వార్డ్ సిసాట్ ప్రణాళిక వేశాడు. ఊరి రక్షకులుగా భావించే సెయింట్ లియోదెగార్, సెయింట్ మారిస్‌ల కథలు, స్విస్ చరిత్ర ఘట్టాలు అందులో ఉన్నాయి. ఒక్కో పలక ఖర్చు ఒక్కో పెద్దమనిషి పెట్టుకున్నాడు. అందుకే బొమ్మ కింద జర్మన్ పద్యపాదాలతోపాటు ఆ కుటుంబ చిహ్నం కూడా ఉంటుంది. మొదట ఉన్నవి 158, ప్రమాదం నాటికి మిగిలినవి 147. బూడిదలోంచి 47 పలకల అవశేషాలు తీశారు, వాటిలో 30 మాత్రమే పూర్తిగా బాగుచేయగలిగారు. నడుస్తుంటే కొన్ని త్రికోణాలు ఖాళీగా కనిపించేది ఇందుకే. కాలినదాన్ని కాలినట్టే చూపించడం మంచి నిర్ణయమని మా అభిప్రాయం. నకళ్లు పెడితే అసలు ఏది పోయిందో ఎవరికీ తెలియదు.

బొమ్మలు చెక్కుచెదరకుండా చూడాలంటే ష్ప్రాయర్ బ్రిడ్జికి వెళ్లాలి. కాస్పార్ మెగ్లింగర్ 1626 నుంచి 1635 వరకు గీసిన "మృత్యు నాట్యం" పలకలు అక్కడున్నాయి. 67లో 45 నిలిచాయి. రాజు, వైద్యుడు, పెళ్లికూతురు, వర్తకుడు, ఎవరి పనిలో వాళ్లుండగా అస్థిపంజరం వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. పక్కనే పిండి మిల్లులుండేవి. ఊరి వంతెనలన్నింటిలోనూ దిగువన ఉన్నది ఇదే కాబట్టి ఊకా, పొట్టూ ఇక్కడి నుంచే నదిలో పారబోయాలని నియమం. వంతెనకు పేరు కూడా ఆ పొట్టుతోనే వచ్చింది.

ప్రశ్న: ఆ వంతెన పక్కన నదికి అడ్డంగా చెక్కలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏమిటవి?

సూదుల కట్ట. 1860 ప్రాంతంలో కట్టారు, ఇప్పటికీ పనిచేస్తోంది. నదిలో పాతిన చట్రానికి ఆనించి పొడవాటి చెక్క కడ్డీలను పక్కపక్కనే నిలబెడతారు. వీటినే సూదులంటారు. సరస్సు మట్టం పెరిగితే మనుషులు కట్ట మీద నిలబడి కొన్ని సూదుల్ని చేత్తో పీకేస్తారు, నీళ్లు ఎక్కువగా పోతాయి. తగ్గితే మళ్లీ దిగేస్తారు. మే, జూన్ నెలల్లో కొండల మీద మంచు కరిగేటప్పుడు చాలా సూదులు తీసేసి ఉంటాయి, నీటి హోరు పెద్దగా వినిపిస్తుంది. చలికాలంలో దాదాపు అన్నీ మూసి ఉంటాయి.

ఇదంతా ఎందుకంటే, 114 చదరపు కిలోమీటర్ల సరస్సుకు బయటికి వెళ్లే దారి ఈ రాయిస్ నది ఒక్కటే. గేటు ఇక్కడ బిగిస్తే ఎగువన ఉన్న ఊళ్లన్నీ మునుగుతాయి, వదిలేస్తే దిగువవాళ్లకు ఇబ్బంది. 2005 ఆగస్టు వరదల్లో ఈ ఏర్పాటు చాలలేదు. ఆ తర్వాత కట్టను బాగుచేసి, పక్కన అదనంగా ఇంకో కట్ట కట్టారు. లూసెర్న్‌లో ఒక్క వస్తువును దగ్గరగా పావుగంట చూడమంటే మేం దీన్నే చూపిస్తాం.

ప్రశ్న: చనిపోతున్న సింహం బొమ్మ దేనికి గుర్తు? దాని మీదున్న అంకెల అర్థం చెప్పగలరా?

1792 ఆగస్టు 10న పారిస్‌లో విప్లవకారులు త్విలరీ రాజభవనం మీద పడ్డారు. ఫ్రాన్స్ రాజు దగ్గర జీతానికి కాపలా ఉన్న స్విస్ సైనికులు ఆ రోజు, ఆ తర్వాత సెప్టెంబరులో పెద్దసంఖ్యలో చనిపోయారు. ఆ దళంలోని అధికారి కార్ల్ ఫిఫర్ ఆ సమయంలో సెలవు మీద లూసెర్న్‌లో ఉన్నాడు. తర్వాత స్మారకం కట్టించే పని భుజాన వేసుకున్నది ఆయనే. డెన్మార్క్ శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్ నమూనా ఇచ్చాడు, లుకాస్ ఆహోర్న్ 1820-21లో పాత రాతి గని గోడలో చెక్కాడు. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల ఎత్తు.

సింహం పక్కటెముకల్లో విరిగిన ఈటె ఉంటుంది. ముందు పంజా కింద లిల్లీపువ్వు గుర్తున్న ఫ్రెంచి రాజు డాలు, తల వెనక శిలువ గుర్తున్న స్విస్ డాలు ఉంటాయి. పైన లాటిన్‌లో "స్విస్ వారి విశ్వాసానికి, శౌర్యానికి" అని రాసి ఉంది. కింద అధికారుల పేర్లు, రెండు రోమన్ అంకెలు ఉంటాయి. చనిపోయిన సైనికులు సుమారు 760 మంది, బతికి బయటపడ్డవాళ్లు సుమారు 350 మంది అని వాటి అర్థం. పరాయి రాజు కోసం చావడం గొప్పేమిటని స్విట్జర్లాండ్‌లో అప్పుడే గట్టిగా వాదించినవాళ్లున్నారు. ఆ సంగతి తెలుసుకుని చూస్తే బొమ్మ ఇంకా లోతుగా తాకుతుంది.

పక్కనే ఉన్న గ్లేసియర్ గార్డెన్‌కు టికెట్ ఉంటుంది, తీసుకోండి. 1872లో వైన్ నేలమాళిగ కోసం తవ్వుతుండగా రాతిలో గుండ్రని పెద్ద గుంతలు బయటపడ్డాయి. మంచుయుగంలో ఇక్కడంతా హిమానీనదం కప్పి ఉండేది. దాని అడుగున విపరీతమైన వేగంతో పారిన నీళ్లు ఇసుకను, రాళ్లను సుళ్లు తిప్పుతూ రాతిని తొలిచేశాయి. అన్నింటికంటే పెద్ద గుంత లోతు తొమ్మిదిన్నర మీటర్లు. సింహం చెక్కిన రాయి కూడా ఇదే ఇసుకరాయి.

ప్రశ్న: ఒక్క కొండకే సమయం ఉంది. పిలాటసా, రీగీనా, టిట్లిసా? మాతో డెబ్భై దాటిన అమ్మ, ఇద్దరు పిల్లలు ఉంటారు. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకున్నాం.

అమ్మగారు ఉన్నారు కాబట్టి రీగి. పాస్‌తో రీగి పూర్తిగా ఉచితం. పిలాటస్, టిట్లిస్‌లకు సగం ధర కట్టాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు తల్లో తండ్రో వెంట ఉంటే స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. పాస్ కొనేటప్పుడే అడగండి.

పొద్దున లూసెర్న్ స్టేషన్ ఎదురుగా ఉన్న రేవులో పడవెక్కితే సుమారు గంటలో విట్స్‌నావ్ చేరతారు. దిగినచోటే ఎర్ర రైలు ఉంటుంది, అరగంటలో రీగి కుల్మ్. అక్కడి నుంచి 1,798 మీటర్ల శిఖరానికి కాస్త ఎత్తు దారి. ఎక్కలేకపోతే స్టేషన్ దగ్గర నుంచే కొండలు కనిపిస్తాయి. దిగేటప్పుడు నీలం రైల్లో రెండో వైపు ఆర్ట్-గోల్డావ్‌కు దిగి, మామూలు రైల్లో లూసెర్న్ రావచ్చు. విట్స్‌నావ్ నుంచి వెళ్లే ఈ లైను ఐరోపాలో మొట్టమొదటి కొండ రైలు. 1871 మే 21న నిక్లాస్ రిగెన్‌బాఖ్ ప్రారంభించాడు. మొదట్లో శిఖరం దాకా పోకుండా ష్టాఫెల్‌హోహె దగ్గరే ఆగిపోయేది. అక్కడితో లూసెర్న్ రాష్ట్రం సరిహద్దు అయిపోయి ష్విట్స్ మొదలవుతుంది, అనుమతి అంతవరకే ఉంది. 1873లో గానీ పైదాకా వెళ్లలేదు.

పెద్దవాళ్లు లేని పాఠకులకు మాత్రం పిలాటస్ చెప్తాం. పడవలో ఆల్ప్‌నాఖ్‌స్టాడ్, అక్కడి నుంచి పళ్ల చక్రాల రైల్లో పైకి, అవతలి వైపు కేబుల్ కారులో ఫ్రెక్‌మ్యుంటెగ్, మరో చిన్న కేబుల్ కారులో క్రియెన్స్, చివరికి 1వ నంబరు బస్సులో లూసెర్న్. రైలు వాలు కొన్నిచోట్ల 48 శాతం, ప్రపంచంలో పళ్ల చక్రాల రైళ్లలో ఇదే అత్యంత నిటారైనది. ఇలాంటి రైళ్ల మామూలు పద్ధతిలో చక్రం పళ్లు పై నుంచి మధ్యలోని పళ్ల పట్టాలో దిగుతాయి. ఇంత వాలులో అలా చేస్తే చక్రం పళ్ల మీదికి ఎక్కి జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎడ్వార్డ్ లోకర్ మధ్య పట్టాకు రెండు పక్కలా పళ్లు పెట్టి, అడ్డంగా తిరిగే రెండు చక్రాలతో అటూ ఇటూ గట్టిగా పట్టించాడు. 1889 నుంచి ఇదే పద్ధతి. ప్లాట్‌ఫారాలు మెట్లు మెట్లుగా ఉంటాయి, అమ్మగారికి వద్దనడానికి అదొక కారణం. ఈ రైలు చలికాలంలో నడవదు, అప్పుడు రానూ పోనూ కేబుల్ కారే దిక్కు.

టిట్లిస్ లూసెర్న్ కొండ కాదు. ఎంగెల్‌బెర్గ్‌కు రైల్లో ముప్పావు గంట, పై స్టేషన్ మూడు వేల మీటర్ల పైన. ఏడాది పొడవునా మంచు తాకాలనుకుంటే వెళ్లండి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులుంటే డాక్టరును అడక్కుండా వద్దు.

ఏ కొండకైనా టికెట్ కొనేముందు పొద్దున్నే శిఖరం వెబ్‌క్యామ్ చూడండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు చల్లగాలి కింద పేరుకుపోయి సరస్సు మీద పొగమంచు కప్పు వేస్తుంది. ఊళ్లో బూడిదరంగు ఆకాశం చూసి ప్రయాణం మానుకున్న రోజునే పైన ఎండ కాస్తుండొచ్చు. వేసవిలో దీనికి తలకిందులు: ఊళ్లో ఎండ ఉన్నా మధ్యాహ్నానికి శిఖరాల్ని మబ్బులు మూసేస్తాయి, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. సరస్సు 434 మీటర్ల ఎత్తులో ఉంది. పిలాటస్ మీద దానికంటే సుమారు పది డిగ్రీలు చల్లగా ఉంటుంది, జూలైలో కూడా స్వెటర్ ఉండాలి.

ప్రశ్న: ఒడ్డున ఒక స్తంభం మీద నారింజ రంగు లైటు వేగంగా వెలిగి ఆరుతూ కనిపించింది. ఆకాశం మాత్రం నిర్మలంగా ఉంది. ఏమిటది?

గాలి హెచ్చరిక. నిమిషానికి 40 సార్లు వెలిగితే బలమైన గాలి రావొచ్చు, జాగ్రత్త. 90 సార్లు వెలిగితే తుఫాను గాలి, వెంటనే ఒడ్డుకు రావాలి. అద్దె పెడల్ బోట్లలో ఉన్నవాళ్లు మొదటి లైటుకే వెనక్కి తిరగడం మంచిది.

ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే గాలి వచ్చిందంటే అది ఆల్ప్స్ మీదుగా దిగే "ఫోన్" (Föhn) అనే వెచ్చని గాలి అయ్యే అవకాశం ఉంది. దక్షిణం నుంచి ఆల్ప్స్ ఎక్కే గాలి అటువైపే వాన కురిపించి తేమ పోగొట్టుకుంటుంది. తేమ ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి ఎక్కేటప్పుడు తక్కువగానే చల్లబడుతుంది. పొడిగా ఇటు దిగేటప్పుడు మాత్రం వంద మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అందుకే వెచ్చగా, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. సరస్సు దక్షిణ కొసన "ఊరి" (Uri) రాష్ట్రం వైపున్న పాయలో దీని దెబ్బ ఎక్కువ. ఆ రోజుల్లో కొండలు చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా కనిపిస్తాయి. ఫొటోలకు మంచి రోజు, చిన్న పడవలకు కాదు.

పెద్ద పడవలకు భయం లేదు. వాటిలో ఐదు పాత ఆవిరి పడవలున్నాయి: ఊరి (1901), ఉంటర్‌వాల్డెన్ (1902), షిల్లర్ (1906), గాలియా (1913), ష్టాట్ లూట్సెర్న్ (1928). టైంటేబుల్‌లో ఆవిరి పడవ గుర్తున్న ట్రిప్పు ఎంచుకోండి. మధ్య డెక్కులో ఒకచోట చుట్టూ కటకటాలుండి, కింద ఇంజను కనిపించేలా తెరిచి ఉంటుంది. నిగనిగలాడే ఉక్కు పిస్టన్లు పక్కచక్రాల ఇరుసును తిప్పుతుంటే అక్కడ నిలబడి చూడొచ్చు, నూనె వాసన, వెచ్చదనం మొహానికి తగులుతాయి. పై డెక్కు ఫస్ట్ క్లాసు. సెకండ్ క్లాస్ పాస్‌తో పైకి వెళ్లి కూర్చుంటే తేడా సొమ్ము అడుగుతారు.

ప్రశ్న: ఇంత చిన్న ఊరికి చరిత్రలో అంత ప్రాధాన్యం ఎలా వచ్చింది?

ఆల్ప్స్ దాటి ఇటలీకి వెళ్లే గొట్టార్డ్ దారి వల్ల. 8వ శతాబ్దంలో ఇక్కడ ఒక మఠం, చేపలు పట్టేవాళ్ల పల్లె ఉండేవి. 13వ శతాబ్దం మొదట్లో షోలెనెన్ లోయలో దారి వేశాక ఇటలీ సరుకు గొట్టార్డ్ కనుమ మీదుగా ఫ్లూయెలెన్ దాకా వచ్చి, అక్కడ పడవలెక్కి లూసెర్న్‌లో దిగేది. సుంకాలతో ఊరు ఎదిగింది. అదే దారి మీద కన్నేసిన హాబ్స్‌బర్గ్ రాజవంశపు రుడోల్ఫ్ 1291లో ఊరిని కొనేశాడు. ఆ పెత్తనం నచ్చని ఊరు 1332లో సరస్సు చుట్టూ ఉన్న "ఊరి" (Uri), ష్విట్స్, ఉంటర్‌వాల్డెన్ రాష్ట్రాలతో చేతులు కలిపింది. అలా సరస్సుకు "నాలుగు అడవి రాష్ట్రాల సరస్సు" అన్న పేరు నిలిచింది. 1386లో జెంపాఖ్ యుద్ధంలో హాబ్స్‌బర్గ్ సేన ఓడిపోయింది.

మత సంస్కరణ కాలంలో జ్యూరిక్, బెర్న్ ప్రొటెస్టెంట్లు కాగా లూసెర్న్ కేథలిక్కుగానే ఉండి కేథలిక్ రాష్ట్రాలకు నాయకత్వం వహించింది. 1798-99లో కొన్ని నెలలు దేశ రాజధాని. 1847లో కేథలిక్ రాష్ట్రాల కూటమికి నాయకత్వం వహించి అంతర్యుద్ధంలో ఓడింది. మరుసటేడు కొత్త సమాఖ్యకు బెర్న్ రాజధాని అయింది. రాజకీయం చేజారిన ఆ రోజుల్లోనే ఒడ్డున పెద్ద హోటళ్లు లేచాయి. 1868లో విక్టోరియా మహారాణి వచ్చి ఉండిపోయిన వేసవి ఆ ఊరికి పెద్ద ప్రచారమైంది.

ప్రశ్న: శాకాహారులం. తిండికి ఇబ్బంది పడతామా?

పెద్దగా పడరు. మాక్రోనీ, బంగాళాదుంప, చీజ్, మీగడ, వేయించిన ఉల్లిపాయ కలిపి యాపిల్ గుజ్జుతో ఇచ్చే ఎల్ప్లర్‌మాగ్రోనెన్ అడగండి. అందులో బేకన్ వేస్తారు కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడే వద్దని చెప్పాలి. ఊరి ప్రత్యేకత ఖ్యూగెలిపాస్టేటె మాత్రం మాంసం వంటకం. కాఫీ ట్రేష్ అంటే సారా కలిపిన కాఫీ, పిల్లలకు పొరపాటున ఇప్పించకండి. వీధి ఫౌంటెన్ల నీళ్లు తాగొచ్చు, "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసిన చోట మాత్రం వద్దు. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, స్టేషన్‌లోవి తెరిచి ఉంటాయి.

ప్రశ్న: లూసెర్న్ కార్నివాల్ చూడాలని ఉంది. ఎప్పుడు, ఎలా?

పేరు ఫాస్‌నాఖ్ట్. తేదీ ఏటా మారుతుంది: ఈస్టర్ ఆదివారం నుంచి 52 రోజులు వెనక్కి లెక్కేస్తే వచ్చే గురువారం మొదలు. ఆ రోజు తెల్లవారుజామున సరిగ్గా 5 గంటలకు సరస్సు మీద పెద్ద పేలుడు శబ్దంతో ప్రారంభిస్తారు, కపెల్‌ప్లాట్స్ చౌకులో కాగితం ముక్కల వాన కురుస్తుంది. ముసుగులు తొడుక్కున్న గూగెన్‌మూసిగ్ బృందాలు బాకాలు, డప్పులతో వీధులన్నీ తిరుగుతాయి. గురువారం, సోమవారం మధ్యాహ్నాలు పెద్ద ఊరేగింపులు. మంగళవారం రాత్రి బృందాలన్నీ కలిసి చేసే ఊరేగింపు ముగింపు. బుధవారం పొద్దున్నకు అంతా సర్దేస్తారు.

ఒక్క రోజే వెళ్లగలిగితే మంగళవారం సాయంత్రానికి వెళ్లండి. గురువారం ఉదయం కావాలంటే ముందురోజే ఊళ్లో ఉండాలి. గదులు నెలల ముందే నిండిపోతాయి, దొరక్కపోతే జ్యూరిక్‌లోనో త్సూగ్‌లోనో ఉండి రైల్లో రండి. ఫిబ్రవరి చలి, గంటల తరబడి నిలబడటం, కాబట్టి మందం అడుగున్న బూట్లు వేసుకోండి. డప్పుల మోత ఇరుకు సందుల్లో చెవులు దిమ్మెక్కేలా ఉంటుంది, పిల్లలకు చెవి మూతలు తప్పనిసరి. ముసుగు వేసుకున్నవాళ్ల ఫొటో దగ్గరగా తీయాలంటే ఒకసారి చెయ్యి ఊపి అడగండి, చాలామంది ఆగి నిలబడతారు.